20 ఏళ్ల పెట్రోలు, మన ఉప్పుగాలి, ‘ద లాస్ట్ ఆఫ్ అస్’

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ ఒక ఫంగస్ మనుషులకి సోకి లోకం కూలిపోయాక 20 ఏళ్లకి జరిగే టీవీ కథ. జోయెల్ అనే మనిషి ఎల్లీ అనే అమ్మాయిని వెంటబెట్టుకుని ప్రయాణిస్తుంటాడు. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో అతను రోడ్డు మీద వదిలేసిన బండ్లలోంచి గొట్టంతో పెట్రోలు తోడుతుంటాడు. పాతబడి నీళ్లలా అయిపోయింది, గంట నడిస్తే మళ్లీ తోడుకోవాల్సిందే అని ఎల్లీకి చెబుతాడు. ఆ మాట లేకపోయినా కథ నడుస్తుంది. కానీ ఈ సీరియల్ గొప్పదనం నాకు అలాంటి మాటల్లోనే కనిపిస్తుంది. (చూడనివాళ్లకి ముందే చెబుతున్నా, కింద కథ కొంత బయటపడుతుంది. మన దగ్గర జియోహాట్‌స్టార్‌లో ఉంది.)

నాటీ డాగ్ వాళ్లు 2013లో ప్లేస్టేషన్ 3 కోసం చేసిన గేమ్ దీనికి మూలం. గేమ్ రాసిన నీల్ డ్రక్‌మన్, ‘చెర్నోబిల్’ సీరియల్ రాసిన క్రెయిగ్ మేజిన్ కలిసి హెచ్‌బీఓకి సీరియల్ చేశారు. 2023 జనవరిలో మొదలైంది, మొదటి సీజన్ 9 ఎపిసోడ్లు. గేమ్‌లో కొరత అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. ఒక గుడ్డపేలిక, కొంచెం ఆల్కహాల్ దొరికితే గాయానికి కట్టు చేసుకోవచ్చు, లేదా అదే సరుకుతో మొలొటోవ్ సీసా (అంటించి విసిరే మంట సీసా) చేసుకోవచ్చు. రెండూ కావాలంటే కుదరదు. టీవీ ముందు కూర్చున్నవాడి చేతిలో ఆ సంచీ ఉండదు. అందుకని ఆ కొరతనంతా తెచ్చి వస్తువుల వయసులో పెట్టారు. పాత పెట్రోలు, పాత డబ్బా తిండి, ఒరిగిన మేడలు. సముద్రం పక్కన బతికే మనకి వస్తువు ఎలా పాడవుతుందో బాగా తెలుసు కాబట్టి, ఒక్కొక్కటీ సరిచూసుకోవచ్చు.

ముందు పెట్రోలు. అది ఒక్క పదార్థం కాదు, తేలికవీ బరువువీ కలిసిన హైడ్రోకార్బన్ల మిశ్రమం. మూత ఎంత బిగించినా తేలికవి ముందు ఎగిరిపోతాయి, ఇంజన్ స్టార్ట్ అవ్వడానికి కావాల్సినవి అవే. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంకలా మారుతుంది. వార్నిష్ వాసన వచ్చిందంటే ఆ పని మొదలైనట్టే. బంక పోయి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ సన్నరంధ్రాల్లో కూర్చుంటుంది. గాలి చొరని డబ్బాలో నిండుగా పోసి నీడలో ఉంచితే ఏడాది దాకా ఆశ పెట్టుకోవచ్చు. సగం ఖాళీగా ఉన్న బండి ట్యాంకులో, మన ఎండకి, కొన్ని నెలలే. 20 ఏళ్ల పెట్రోలుతో గంట ప్రయాణం అన్నది కథ కోసం ఇచ్చిన వెసులుబాటు. నిజానికి ఆ ట్రక్కు స్టార్టే అవ్వదు.

మన లోకం ఇప్పుడు ఆగిపోతే పరిస్థితి ఇంకా అన్యాయం. బంకుల్లో ఇప్పుడు అమ్మేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పగలు వేడికి ట్యాంకు లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి గాలి లోపలికి వస్తుంది. విశాఖలో ఆ గాలి ఎప్పుడూ తడిగాలే. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. ఫ్యూయల్ పంపు లాగేది అడుగు నుంచే. పైన మంచి పెట్రోలు పోస్తే బాగవుతుందనుకుంటారు, బాగవ్వదు. మొత్తం దించేసి ట్యాంకు ఆరబెట్టాలి. ఇథనాల్ ఎంత ఉందో చూడాలంటే గీతలున్న గాజు జాడీలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కుదిపి, తేరనివ్వాలి. అడుగు పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. 30 దగ్గరికి పెరిగితే 20 శాతం ఉన్నట్టు. ఆరుబయట, నిప్పుకి దూరంగా చెయ్యాలి.

తోడే పద్ధతి గురించి ఎల్లీ అడిగితే జోయెల్ సరిగ్గా చెప్పలేకపోతాడు. సంగతి ఇంతే: గొట్టం బయటి చివర, ట్యాంకులోని పెట్రోలు మట్టం కంటే కిందికి ఉండాలి, గొట్టం మధ్యలో గాలి ఉండకూడదు. నోటితో మాత్రం ఎవరూ లాగొద్దు. గుక్కెడు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే రసాయన న్యుమోనియా వస్తుంది. ట్యాంకు మూతిలో రెండో పొట్టి గొట్టం పెట్టి, చుట్టూ తడిగుడ్డ బిగించి, దాంట్లోంచి చేతిపంపుతో గాలి కొడితే పొడుగు గొట్టంలోకి పెట్రోలు దానంతట అదే ఎక్కుతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి మూతి దగ్గర అడ్డు ఉంటుంది, గొట్టం దిగదు.

డీజిల్ ఇంకొంచెం ఎక్కువకాలం నిలుస్తుంది, దానికో వేరే శత్రువు ఉంది. హార్మోకోనిస్ రెసినే అనే ఫంగస్. కిరోసిన్ ఫంగస్ అని కూడా అంటారు. ట్యాంకు అడుగున పలచటి నీటిపొర ఉంటే చాలు, నీటికీ ఇంధనానికీ మధ్య నల్లటి జిగటలా పెరిగి ఫిల్టర్లు మూసేస్తుంది. విమాన ఇంధనాన్నీ వదలదు. చేపల రేవులో మరబోట్లకి వాటర్ సెపరేటర్ (డీజిల్‌లోంచి నీటిని వేరుచేసేది) కప్పు ఖాళీ చేస్తూ ఉండాల్సింది ఈ నీటి గొడవకే. ఫంగస్ మీద నడిచే కథలో ఈ ఫంగస్‌కి చోటు లేకపోవడం నాకు నిజంగా లోటే.

ఇక కథలోని అసలు ఫంగస్. అడవి చీమల్ని పట్టే ఒఫియోకార్డిసెప్స్ ఉన్నమాట నిజం. చీమని ఆకు అడుగున ఈనెని కరిచిపట్టుకునేలా చేసి, దాని తలలోంచి మొలుస్తుంది. మనిషి ఒంటి వేడికి చాలా ఫంగస్‌లు బతకవు. భూమి వేడెక్కితే అవి ఆ వేడికి అలవాటు పడితే ఏమవుతుందని మొదటి ఎపిసోడ్‌లో 1968 నాటి టీవీ చర్చలో ఒక శాస్త్రవేత్త అడుగుతాడు. సీరియల్ మొత్తంలో వెన్ను జలదరించే ఘట్టం నాకదే. ఫంగస్ జబ్బులకి మనుషులకిచ్చే టీకా ఈరోజుకీ లేదు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు యాంఫోటెరిసిన్-బి ఇంజక్షన్ కోసం జనం ఎలా తిరిగారో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు.

గేమ్‌లో ఫంగస్ గాలిలో బీజాలుగా తేలుతుంది, పాత్రలు మాస్కులు వేసుకుంటాయి. సీరియల్ మొదటి సీజన్‌లో బీజాలు తీసేసి నోట్లోంచి వచ్చే తీగలు పెట్టారు. సరైన నిర్ణయం. మాస్కు వెనక జోయెల్‌గా చేసిన పెడ్రో పాస్కల్ మొహం కనపడకపోతే ఏం మిగులుతుంది? పైగా గాలిలో బీజాలుంటే అవి ఒక గదిలోనే ఎందుకు ఆగుతాయన్న ప్రశ్నకి జవాబు ఉండదు. రెండో సీజన్‌లో ఆసుపత్రి అడుగు అంతస్తులో బీజాల్ని వెనక్కి తెచ్చారు, మూసిన చోటు కాబట్టి నప్పింది.

వ్యాప్తికి పిండిని కారణం చేశారు. గురువారం సరుకు అంగళ్లకి చేరింది, 2003 సెప్టెంబరు 26 శుక్రవారం రాత్రికి జబ్బు సోకినవాళ్లు కరవడం మొదలైంది, సోమవారానికి అంతా అయిపోయింది. జోయెల్ ఇంట్లో ఆరోజు పాన్‌కేకులు లేవు, పక్కింటి బిస్కెట్లు వద్దన్నాడు, కేకు తేవడం మర్చిపోయాడు, అంటే పిండితో చేసిందేదీ తినలేదు. రెండోసారి చూసినప్పుడు ఇవన్నీ కళ్లకి కడతాయి. బలహీనత ఒక్కటే, ఓవెన్ వేడికి ఫంగస్ చచ్చిపోవాలి. మొండి విషాలు కొన్ని మిగలొచ్చు గానీ ప్రాణమున్న ఫంగస్ మిగలదు.

20 ఏళ్లకి మేడలు ఎలా ఉంటాయన్న విషయంలో సీరియల్ చల్లటి పొడినేల లెక్క ప్రకారం నడిచింది. మొదటి సీజన్ తీసింది కెనడాలోని అల్బర్టాలో. విశాఖ బీచ్ రోడ్డు లెక్క వేరు. ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఊచని చేరుతుంది, తుప్పు ఇనుముకి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాలకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 తీరప్రాంతానికి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్ (ఊచని కప్పే కాంక్రీటు పొర) అడుగుతుంది. కవర్ తక్కువైన మేడలు పట్టించుకునేవాళ్లు ఉండగానే పెచ్చులు రాలుస్తున్నాయి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఉంది. దానికి పెయింటూ వెల్డింగూ 20 ఏళ్లు ఆగిపోతే ఏం మిగులుతుందో ఊహించుకోండి.

డబ్బా తిండి దగ్గర సీరియల్ ధైర్యం చేసింది. 20 ఏళ్ల నాటి షెఫ్ బోయార్డీ రావియోలీ (డబ్బాలో వచ్చే పాస్తా) జోయెల్, ఎల్లీ ఇద్దరూ తింటారు. అది టమాటా సాసులోది. పులుపు లోపలి నుంచి రేకుని తింటుంది కాబట్టి టమాటా డబ్బాలకి సాధారణంగా చెప్పే గడువు ఏడాదిన్నర లోపే. పులుపు లేని మాంసం, చిక్కుళ్ల డబ్బాలకి రెండు నుంచి ఐదేళ్లు. గడువు దాటాక రుచి పోతుంది, కానీ అతుకు గట్టిగా ఉన్నంతకాలం విషం కాదు. మన గాలికి తుప్పు మొదలయ్యేది ఆ అతుకు దగ్గరే. ఉబ్బిన డబ్బా, అతుకు మీద లోతుగా తుప్పు పట్టిన డబ్బా, తెరవగానే చిమ్మిన డబ్బా, మూడూ పారెయ్యాల్సినవే, రుచి చూసి తేల్చుకునేవి కావు.