"ఏ దారంట వచ్చారు?": కోనసీమలో కాగితం మ్యాపుతో ఐదు నెలలు

సెప్టెంబరు

ఈ పిచ్చి ఎలా పట్టుకుందో ముందు రాసుకోవాలి. మాది రాజమండ్రి, అత్తారిల్లు అమలాపురం పక్కన పల్లెటూరు. ఆరేళ్లుగా నేనే కారు తోలుకుని వెళ్తున్నాను. ఒకరోజు భోజనాల దగ్గర మావయ్యగారు మామూలుగానే "ఏ దారంట వచ్చారు అల్లుడుగారూ?" అని అడిగారు. "ఫోన్ చెప్పిన దారంటండి" అన్నాను. ఆయన ముద్ద కలపడం ఆపి నా వంక చూశారు, మళ్లీ కలుపుకున్నారు. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ రావులపాలెం దాకా నవ్వుతూనే ఉంది.

తర్వాత గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే నాకు తట్టినవి రెండే: గౌతమి మీద వంతెన, రావులపాలెం అరటి మార్కెట్. మిగతా దారంతా "రెండు వందల మీటర్లలో కుడివైపు తిరగండి".

బీరువాలో పాత రోడ్ అట్లాసు ఒకటి ఉంది. తెరిచి చూస్తే అందులో హైవేలకి ఇంకా 5, 214 అనే నంబర్లే. 2010లో నంబర్లు మారాక అవి 16, 216 అయ్యాయి, బోర్డుల మీద ఉండేవి ఇవే. కోనసీమ జిల్లా ఏర్పడిందే 2022 ఏప్రిల్లో కాబట్టి అదీ అందులో లేదు. పక్కన పెట్టేసి సర్వే ఆఫ్ ఇండియా (దేశం మ్యాపులు వేసే ప్రభుత్వ సంస్థ) ఓపెన్ సిరీస్ మ్యాపులు తీసుకున్నాను. స్కేలు 1:50,000, అంటే నేల మీద కిలోమీటరుకి కాగితం మీద 2 సెంటీమీటర్లు. ఒక్కో షీటు అటూ ఇటూ 27 కిలోమీటర్ల మేర చూపిస్తుంది. నా ప్రాంతానికి నాలుగు పట్టాయి. తమాషా ఏమిటంటే 82 డిగ్రీల రేఖాంశం దాదాపు అమలాపురం మీదుగానే పోతుంది, షీటు అంచు అక్కడే. నేను ఎక్కువగా వెళ్లే ఊరే రెండు ముక్కలైంది. సెల్లోటేపుతో అతికించాను.

ప్రింటు దగ్గర ఒక తప్పు చేశాను, ఇంకెవరైనా చేయకుండా రాస్తున్నాను. షాపు కుర్రాడు "ఫిట్ టు పేజీ" నొక్కితే నేను పట్టించుకోలేదు. షీటు చిన్న కాగితంలో ఇమిడిపోయి కిలోమీటరు 1.6 సెంటీమీటర్లయింది. 16 కిలోమీటర్ల గట్టు రోడ్డు నా లెక్కలో 12.8 వచ్చింది. రెండోసారి ఏ1 కాగితం మీద, వంద శాతం సైజులో తీయించాను. ప్రింటు చేతికి రాగానే మ్యాపు కింద ఉండే స్కేలు గీతని పిల్లల స్కేలుతో కొలిచి చూసుకోవాలి.

అక్టోబరు, మొదటి ఆదివారం

రాజమండ్రి, ధవళేశ్వరం బ్యారేజీ, బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల, రావులపాలెం. ఫోన్ డాష్‌బోర్డు డబ్బాలో, స్విచాఫ్ చేసి.

బండి నడుపుతూ మ్యాపు చూడటం కుదరదు, చూడకూడదు కూడా. అందుకే ముందు రాత్రి అరగంట కూర్చుని చీటీ రాసుకున్నాను. దూరం కొలవడానికి తెల్లదారం తడిపి, మ్యాపు మీద రోడ్డు వంపుల వెంట వేలితో ఆనిస్తూ పరిచాను. తడి దారం జారదు. పరిచాక ఊరూరికీ పెన్నుతో చుక్క పెట్టి, తీసి స్కేలు మీద చాపితే కిలోమీటర్లు వచ్చేస్తాయి. చీటీలో ఒక్కో మలుపుకి మూడు సంగతులు: ఎక్కడ తిరగాలి, దానికి ముందు ఏం కనబడాలి, ఏం కనబడితే దాటేసినట్టు. ఉదాహరణకి లొల్ల దగ్గర "లాకులు (కాలువ నీటిని ఆపి వదిలే తలుపులు), కాలువ చీలాలి, పెద్ద హైవే తగిలితే దాటేశావు" అని రాసుకున్నాను. ఈ మూడోదే నా ప్రాణం కాపాడుతోంది. అది లేకపోతే ప్రతి అర కిలోమీటరుకీ దాటేశానేమో అని టెన్షన్.

బొబ్బర్లంక దగ్గర ఎడమకి తిరిగాక ఇక కాలువ వదల్లేదు. రెండుసార్లు ఆగాను. ఒకటి సందేహంతో, రెండోది పూతరేకుల కోసం. రెండోది ఎక్కువ సేపు పట్టింది.

నవంబరు

ఈ నెల ఓటమి. ద్రాక్షారామంలో దర్శనం అయ్యేసరికి చీకటి పడింది, చీటీ రాయలేదు. ఫోన్ పెడితే అమలాపురానికి కోటిపల్లి మీదుగా చూపించింది. పోయి పోయి రేవులో తేలాం. ముందు గోదారి, నీళ్లలో అవతలి ముక్తేశ్వరం దీపాలు. మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించే పంటు ఆ పూటకి ఆగిపోయింది. గట్టు మీద బడ్డీ కొట్టాయన టార్చి వేసి, "ఇక్కడికి ఎవరు రమ్మన్నారండీ ఈ టయానికి?" అన్నాడు. ఫోన్ అని చెప్పడానికి సిగ్గేసింది. వెనక్కి ద్రాక్షారామం వచ్చి, యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి, ముమ్మిడివరం పట్టుకుని చేరేసరికి గంటన్నర పైనే పట్టింది.

మర్నాడు మ్యాపు పరిచి చూస్తే కాకినాడ నుంచి వచ్చే రైలు గీత కోటిపల్లిలో, గోదారి ఒడ్డున ఆగిపోయి ఉంది. రోడ్డు గీతా అంతే. ఫోన్లో మాత్రం నీలం గీత ఒడ్డు నుంచి ఒడ్డుకి రోడ్డులాగే సాగింది. పంటు గుర్తు ఒక మూల చిన్నగా ఉందట, మా అబ్బాయి చూపించాడు. డ్రైవింగులో అది ఎవడికి కనబడుతుంది?

కోనసీమలో ఫోన్‌తో చిక్కు సిగ్నల్ కాదు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ చుక్క కదులుతూనే ఉంటుంది, మ్యాపు ముందే దించుకుని ఉంటే చాలు. చిక్కు ఎక్కడంటే, బస్సు తిరిగే రోడ్డూ కాలువ గట్టు మీద పుంతా (ఇరుకు బండి దారి) దానికి ఒక్కలాగే కనిపిస్తున్నట్టున్నాయి, రెండు నిమిషాలు కలిసొస్తే చాలు. పోయిన వేసవిలో అలాంటి పుంతలోనే కొబ్బరికాయల ట్రాక్టరుకి ఎదురుపడి, ఒక పక్క కాలువా ఇంకో పక్క చేనూ చూసుకుంటూ చాలా దూరం రివర్స్‌లో వెళ్లాను.

డిసెంబరు

ఈ నెల నేర్చుకున్నదాని కోసమే ఈ డైరీ రాయడం. ఈ మ్యాపుల్లో నేల ఎత్తు చూపించే కాంటూరు గీతలు 20 మీటర్ల ఎత్తుకి ఒకటి. డెల్టా ఎంత చదునంటే ఆ గీతలు దాదాపు కనబడవు. వాటి బదులు కాలువలున్నాయి. సాగునీటి కాలువని మెరక మీద తవ్వుతారు, రెండు పక్కలా పొలాలకి నీరు దిగాలి కాబట్టి. మురుగు డ్రెయిన్ పల్లంలో పోతుంది. అందుకే వాన పడ్డాక కాలువ గట్టు రోడ్డు పట్టుకోవాలి, డ్రెయిన్ పక్కది కాదు. మావయ్యగారికి ఇది పుట్టుకతో తెలుసు, నాకు నలభై ఏడేళ్లకి తెలిసింది.

ముక్కామల దాటాక ఒక పొద్దున మంచులో దారి తప్పాను. పది అడుగుల అవతల కొబ్బరి చెట్టు మొదలు కనిపిస్తోంది, తల లేదు. సూర్యుడి జాడ లేదు. చిన్న వంతెన మీద బండి ఆపి కిందికి చూశాను. గుర్రపు డెక్క ముద్ద ఒకటి, ఊదా పువ్వుతో సహా, నెమ్మదిగా తిరుగుతూ నా ఎడమ వైపు నుంచి వచ్చి కుడి వైపుకి పోయింది. కాలువ నీరు ధవళేశ్వరం నుంచి సముద్రానికే కదా. అంటే కుడి చెయ్యి దిగువ. మ్యాపుని అలా తిప్పి పట్టుకునేసరికి వంతెన, పక్కన గుడి, మూడు దారులూ దొరికాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న డ్రెయిన్లతో ఈ లెక్క కుదరదు, పోటు వేళ నీళ్లు వెనక్కి తంతాయి.

ఇదే నెలలో మా అబ్బాయి ఫోన్లో గన్నవరం అని కొడితే విజయవాడ విమానాశ్రయం వైపు బయల్దేరదీసింది. మేం వెళ్లాల్సింది పి.గన్నవరం, అక్విడక్టు చూడటానికి. అక్కడ కాలువ వైనతేయ నది పైనుంచి దాటుతుంది. కాగితం మీద నీలం గీత మీద నీలం గీత. మొదటిసారి ప్రింటు తప్పనుకున్నాను.

జనవరి, సంక్రాంతి

ఫోన్ గెలిచిన రోజూ రాయాలి. భోగి ముందు రోజు రావులపాలెం దగ్గర హైవే మీద బళ్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. కాగితానికి అదేం తెలుస్తుంది? ఫోన్ ముందే ఎర్రగా చూపించింది, ఆత్రేయపురం వైపు తిరిగిపోయాం. రాజమండ్రి ఊళ్లో కూడా ఫోనే వాడుతున్నాను, మొహమాటం లేదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్ల ప్రభలు (అలంకరించిన ఎత్తైన కట్టడాలు) ఊరేగింపుగా వచ్చే జాతర. ఏ రోడ్డులోకి ప్రభలు ఎప్పుడొస్తాయో, ఎక్కడ బండి ఆపుకోవాలో ఫోన్‌కీ తెలియదు, మ్యాపుకీ తెలియదు. మావయ్యగారిని అడిగి వెళ్లాం. భోజనాల దగ్గర ఆయన అడక్కముందే నేనే మొదలుపెట్టాను: బ్యారేజీ, బొబ్బర్లంక, లొల్ల లాకులు, కొత్తపేట, ముక్కామల. అంతా విని, "ఎందుకండీ అంత చుట్టు? ఏటిగట్టంట వస్తే అరగంట కలిసొచ్చేది" అన్నారు. ఆ ఏటిగట్టు మ్యాపులో ఉంది, కానీ కారు పట్టే వెడల్పు ఉందో లేదో గీతని చూస్తే తెలియదు.

తర్వాతి పనులు: నరసాపురం, సఖినేటిపల్లి రేవు. చివరి పంటు ఎన్నింటికో పగలే కనుక్కోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే గుర్రపు డెక్క కదలదు, కాబట్టి ఒక దిక్సూచి కొనాలి.