సిగిరియా చూశాక కలా వెవ

ఆగస్టు, దంబుల్లా

శ్రీలంక వచ్చినవాళ్లంతా సిగిరియా చూస్తారు. ఆ తర్వాత కాండీ, టీ తోటల మధ్య ఎల్లకి వెళ్లే రైలు, చివర్లో గాల్ కోట. మా ప్లానూ అదే. ఈరోజు మధ్యాహ్నం కలా వెవ అనే పాత చెరువు చూశాక అది మారిపోయింది, మారినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే నిద్ర ముంచుకొస్తున్నా కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే, ఎండ ముదరకముందే సిగిరియా చేరాం. చుట్టూ చదునైన అడవి, మధ్యలో 180 మీటర్లకు పైగా నిటారుగా లేచిన ఒకే ఒక్క రాయి. నాన్నకి మోకాళ్ల నొప్పులు. "నేను కింద తోటలల్ల కూసుంట, నువ్వు పోయి సూసి రా బిడ్డా" అన్నాడు. ఒక్కదాన్నే ఎక్కాను.

సగం ఎత్తులో, మెలికలు తిరిగిన ఇనుప మెట్లెక్కితే రాతి గోడ మీద ఆ ప్రసిద్ధ చిత్రాలు. మబ్బుల్లోంచి నడుము దాకా పైకొచ్చిన ఆడవాళ్లు, చేతుల్లో పూలు, పళ్లేలు. ఫొటోలు తీయనివ్వరు. మంచిదే, అందరూ నిదానంగా కళ్లతోనే చూస్తున్నారు. దాని పక్కనే, అద్దంలా నున్నగా పూత పూసిన అద్దం గోడ. 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా ఇక్కడికి వచ్చినవాళ్లు ఆ చిత్రాల్లోని స్త్రీల మీద పద్యాలు అల్లి గోడ మీద గీసి వెళ్లారు. వాటిలో 685 పద్యాలను చదివి 1956లో అచ్చు వేశారు. ఇంకాస్త పైన రెండు పెద్ద సింహపు పాదాలు, గోళ్లతో సహా. వాటి మధ్య నుంచే శిఖరానికి మెట్లు. పైన కోట పునాదులు, రాతిలో తొలిచిన నీటి కొలను, ఎటు చూసినా అడవి.

దిగి వచ్చేసరికి నాన్న నీటి తోటల దగ్గర వంగి ఏదో చూస్తున్నాడు. చిన్న గుండ్రటి రాతి పలక, దానికి వరసగా రంధ్రాలు. 5వ శతాబ్దపు ఫౌంటెన్ అది. మోటారు లేదు, యంత్రం లేదు. ఎత్తు నుంచి భూమి లోపలి కాలవల్లో వచ్చే నీటి ఒత్తిడితోనే పైకి చిమ్ముతుంది. వానాకాలంలో ఇప్పటికీ చిమ్ముతుందట. ఇది ఇక్కడ ఎండల కాలం కాబట్టి మాకు పొడిగానే కనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఆ పలక దగ్గర నుంచి కదిలితే కదా!

ఇక్కడే ఆ కథ చెప్పుకోవాలి. సిగిరియా కట్టించింది కశ్యపుడు, క్రీ.శ. 477 నుంచి 495 దాకా ఏలిన రాజు. తండ్రి ధాతుసేనుడిని చెరలో పెట్టి సింహాసనం ఎక్కాడు. రాజ్యం హక్కుగా రావలసిన తమ్ముడు మొగ్గల్లానుడు దక్షిణ భారతానికి పారిపోయాడు. నీ ధనమంతా ఎక్కడ దాచావో చూపించమని కొడుకు మనుషులు వేధిస్తే, ముసలి రాజు తనను కలా వెవకి తీసుకెళ్లమన్నాడట. వెవ అంటే చెరువు. అది ఆయన కట్టించినదే. అందులో దిగి స్నానం చేసి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని, నాకున్న ధనమంతా ఇదే అన్నాడని పాత పాళీ చరిత్ర గ్రంథం చెబుతుంది. ఆ తర్వాత ఆయన్ని చంపేశారు.

నేను ఈ కథ చెప్పగానే నాన్న అడిగిన మాట ఒకటే: "ఆ చెరువు ఉన్నదా ఇంక?"

ఉంది. దంబుల్లా నుంచి ఎంతో దూరం కూడా కాదు. దారిలో చిన్న హోటల్లో అన్నం తిన్నాం. కొబ్బరిపాల పప్పు, ఎర్రటి కొబ్బరి పచ్చడి, చివర్లో మట్టి మూకుడులో గేదె పెరుగు, దాని మీద జీలుగు చెట్టు నీరాతో కాచిన పాకం. ఆ పాకం మాత్రం ఒక సీసా ఇంటికి పట్టుకెళ్లాలి.

కలా వెవ కట్ట ఎక్కేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కట్ట కిలోమీటర్ల పొడవున సాగుతుంది, అవతలి ఒడ్డు ఆనవాలు కూడా అందదు. కట్ట పొడవునా బాగా వయసు మళ్లిన తెల్లమద్ది చెట్లు, తెల్లటి నున్నని బెరడు, వేళ్లు రాళ్ల మధ్యకి దూరి ఆ రాళ్లనే గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నాన్న చెప్పులు విప్పి కట్ట లోపలి వాలు దిగి, కోతకి అడ్డుగా పరిచిన రివిట్‌మెంట్ రాళ్ల మీద చెయ్యి వేసి చూశాడు. నీళ్ల అలలు తాకే చోట రాళ్లు అరిగి నున్నబడ్డాయి. కట్టని 19వ శతాబ్దంలో బాగుచేశారు గానీ చెరువు మాత్రం 5వ శతాబ్దందే. మా వరంగల్ వైపు పాకాల, రామప్ప కాకతీయుల కాలంవి, 13వ శతాబ్దం. ఇది వాటికన్నా ఏడెనిమిది వందల ఏళ్లు పెద్దది. ఇప్పటికీ దీని నీళ్లతో వరి పండుతోంది.

అసలు గొప్పతనం ఇక్కడి నుంచి మొదలయ్యే కాలవది. జయగంగ అంటారు. ఇక్కడి నీళ్లని 87 కిలోమీటర్ల దూరాన అనురాధపురంలోని తిస్స వెవకి తీసుకెళ్లడానికి తవ్వింది. మొదటి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో వాలు కిలోమీటరుకి దాదాపు పది సెంటీమీటర్లే. దానికి ఒకవైపే కట్ట, రెండోవైపు నేల సహజంగా ఎత్తుగా ఉండేది. అందువల్ల దారిలో పడ్డ వాన నీళ్లు కూడా వచ్చి కాలవలోనే కలుస్తాయి. ఈ లెక్క వినగానే నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "లెవెల్ మిషన్ పెట్టినా గంత సన్నటి వాలు నిలబెట్టుడు కష్టమే బిడ్డా" అన్నాడు. పొగడ్తలకి తొందరపడని మనిషి ఆయన.

చెరువులో నీళ్లు పెరిగినకొద్దీ తూము మీద ఒత్తిడి పెరుగుతుంది, వదిలిన నీళ్లు కట్టని కోసేస్తాయి. దీనికి ఈ దేశపు పాత ఇంజనీర్లు కట్టలో తూముకి అడ్డంగా రాళ్లతో చతురస్రపు బావి కట్టి, నీళ్ల జోరు అందులో అదుపులో పెట్టి బయటికి వదిలేవారు. బిసోకొటువ అంటారు. మాదురు ఓయ అనే నది మీద మన కాలంలో కొత్త ఆనకట్ట కట్టబోతే, సరిగ్గా ఆ చోటే మట్టి కింద ప్రాచీన తూము బయటపడింది. నేటి ఇంజనీర్లు ఎంచుకున్న స్థలాన్నే వాళ్లు ఎప్పుడో ఎంచుకున్నారన్నమాట.

సాయంత్రమయ్యేకొద్దీ నీళ్లు తగ్గి పచ్చగడ్డి మొలిచిన చెరువు శిఖం మీదికి ఏనుగులు వచ్చాయి. వాటిలో ఒకదానికి పొడవాటి దంతాలు. శ్రీలంకలో మగ ఏనుగుల్లో కూడా దంతాలున్నవి చాలా తక్కువ, కలా వెవ మాత్రం వాటికి పేరు. ఇటువైపు ఒడ్డున ఆడవాళ్లు స్నానాలు చేస్తున్నారు, ఒకాయన బండి కడుక్కుంటున్నాడు. ఏటా ఆగస్టు, సెప్టెంబరులో వందల ఏనుగులు చేరే మిన్నేరియా కూడా మహాసేనుడనే పాత రాజు కట్టించిన చెరువే. ప్రకృతి అందాలు ఒక జాబితా, చారిత్రక స్థలాలు ఇంకో జాబితాగా రాసే ట్రావెల్ ప్యాకేజీల మీద నాకు ఈరోజు నమ్మకం పోయింది. ఇక్కడి అడవి జంతువు తాగే నీళ్లు రాజు ఆపిన నీళ్లే.

చీకటి పడేలోపు దగ్గర్లోని అవుకన బుద్ధుడిని కూడా చూశాం. ఒకే రాతిలోంచి చెక్కిన, నిలబడి ఉన్న విగ్రహం, 12 మీటర్ల పైనే. ఒంటికి అంటుకున్న వస్త్రపు మడతలు సన్నగా, వరసగా, పాదాల దాకా. ఈ శిల్పం మీద మన అమరావతి ప్రభావం ఉందని కళా చరిత్రకారులు చెబుతారు. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ఒక విహారమే ఉండేదని అక్కడి శాసనం చెబుతోంది కాబట్టి, శిల్పుల రాకపోకలు కూడా ఉండి ఉంటాయనుకోవడం నాకు సహజంగానే అనిపించింది.

కశ్యపుడి మీద నాకు కోపం తగ్గలేదు. అయితే అతని తోటల్లోని ఆ ఫౌంటెన్లు కూడా తండ్రి తరం నేర్పిన నీటి విద్యే కదా. సిగిరియా ఎక్కి దిగి, ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లు ఒక్క పూట ఇటు కూడా రావాలి. లేకపోతే ఈ దీవిని సగమే చూసినట్టు.

ఎల్ల రైలు మానేశాం. రేపు పొలొన్నరువ, 12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజు కట్టించిన పరాక్రమ సముద్రం అనే చెరువు. గుడుల కంటే ముందు కట్ట మీదికే పోవాలని నాన్న డ్రైవర్‌తో అప్పుడే మాట్లాడేశాడు.