ఆడ ఎలుకలు కూడా కావాలని అడిగాను

అమెరికాలో నా ఉద్యోగం చుంచెలుకలతో. అవి రాత్రిపూట తిరిగేవి కాబట్టి వాటి గదిలో పగలు లైట్లు ఆర్పి రాత్రి వేస్తారు, మేం పగలంతా సన్నటి ఎర్ర వెలుగులో పనిచేస్తాం, చలికాలంలో తెల్లారకముందే లోపలికెళ్లి పొద్దుగుంకాక బయటికొస్తాం కాబట్టి ఎండ కనిపించేది శని ఆదివారాల్లోనే. "ఎలుకలతో ఏం పనే నీకు?" అని అమ్మ ఫోన్‌లో అడుగుతుంది. ఆమెకు చెప్పినట్టే ఇక్కడా చెప్తాను.

చిన్న పెట్టెలో ఎలుకను పెడతాం. గోడలోంచి ఒక లివర్ బయటికొచ్చి, కొన్ని సెకన్లకు లోపలికి పోతుంది, వెంటనే గిన్నెలో తీపి గుళిక పడుతుంది. లివర్‌ను ముట్టుకోకపోయినా గుళిక పడుతుంది. అంటే లివర్ గుళిక వస్తోందనే గుర్తు మాత్రమే. అయినా కొన్ని లివర్ మీదకే వెళ్లి దాన్ని కొరుకుతాయి, కొన్ని గిన్నె దగ్గర కాచుకుంటాయి. మందు మానేసిన మనిషిని వైన్ షాపు బోర్డు ఎందుకు లాగుతుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి. లివర్ వెంటపడటం నేర్చుకోవడానికి మెదడులోని డోపమైన్ అనే రసాయనం కావాలనీ, గిన్నె దగ్గరికెళ్లడం నేర్చుకోవడానికి అది అంతగా అక్కర్లేదనీ 2011లో పెద్ద ఎలుకల మీద చేసిన పరిశోధన చూపించింది.

అయితే ఏ ఎలుక? ల్యాబ్ ఎలుకల్లో వంశాలు అని రకాలుంటాయి. ఎక్కువ ల్యాబుల్లో ఉండే నల్లటి సి57 బ్లాక్ 6 ఒక రకం, డీబీఏ ఇంకో రకం, థాయ్‌లాండ్‌లో పట్టిన ఎలుకల సంతతి అయిన కాస్ట్ అయితే మూత తీయగానే ఎగిరి దూకుతుంది. 1999లో అమెరికాలోని పోర్ట్‌లాండ్, ఆల్బనీ, కెనడాలోని ఎడ్మంటన్ ల్యాబుల్లో మూడుచోట్లా ఒకే వంశాల ఎలుకలకు ఒకే పరీక్షలు పెట్టినా కొన్ని ఫలితాలు ఊరికొక రకంగా వచ్చాయి.

మా సీనియర్ మాత్రం ముందు మగవాటితోనే కానిద్దాం అన్నారు, ఆడవాటికి 4-5 రోజులకోసారి హార్మోన్లు మారుతుంటాయి, లెక్కలు చెదిరిపోతాయి అని. వీసా ఈ ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఎదురు చెప్పాలంటే టెన్షన్ మామూలుగా ఉండదు. అయినా చెప్పాను. 2014లో దాదాపు 300 పేపర్లను కలిపి చూస్తే ఆడవాటి లెక్కలు మగవాటి కంటే ఎక్కువ చెదరవని తేలింది, 2016 నుంచి వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా గ్రాంటు దరఖాస్తుల్లో ఆడా మగా సంగతి అడుగుతోంది. వ్యసనం ఆడవాళ్లకూ ఉంటుంది, మందులు వాళ్లూ మింగాలి కదా.

చివరికి వంశాలు తగ్గించి, ప్రతిదాంట్లో ఆడవీ మగవీ సమానంగా పెట్టాం. ఫలితాలు కూడా విడివిడిగానే చూస్తున్నాం, ఎందుకంటే ఒక వంశంలో ఆడవి, ఇంకో వంశంలో మగవి లివర్ వెంట ఎక్కువగా పడితే, అన్నీ కలిపి సగటు తీసినప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు తేడానే లేనట్టు కనిపిస్తుంది.