సున్నా దగ్గర ఆగని మోటారు

మా గరాజ్‌లో రెండో కారు నిలపవలసిన చోట నాలుగేళ్లుగా ఒక పిన్‌బాల్ యంత్రం నిలబడి ఉంది. దాని పేరు రాయల్ ఫ్లష్. 1976లో గాట్లీబ్ కంపెనీ తయారు చేసింది. ఆటను రూపొందించినవారు ఎడ్ క్రిన్‌స్కీ, బొమ్మలు వేసినవారు గోర్డన్ మోరిసన్. స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే ఉక్కు బంతి వాలుబల్ల మీదికి దూసుకుపోతుంది. దాన్ని కింది సందులో పడనీయకుండా, పెట్టెకు రెండు పక్కలా ఉన్న బొత్తాలు నొక్కి ఫ్లిప్పర్లతో పైకి కొడుతూ, వరుసగా నిలబడ్డ పేకముక్కలను పడగొట్టాలి. ఆట ఇంతే. అయితే కొన్నాక మొదటిసారి ఆ బల్లను ఎత్తి లోపలికి చూసిన రోజున, నాకు ఆట మీదికంటే ఆ లోపలి సంసారం మీద మోజు పుట్టింది.

అందులో చిప్పు అన్నది లేదు. లెక్క పెట్టేవి చక్రాలు, గుర్తుపెట్టుకునేవి రిలేలు అనే కరెంటుతో కదిలే స్విచ్‌లు, ఏ పని ఎప్పుడు జరగాలో వరుస తప్పకుండా చూసేది పెట్టె అడుగున తిరిగే ఒక చిన్న మోటారు. రోజంతా కంటికి కనిపించని కోడ్‌తో కుస్తీ పట్టే ఉద్యోగం నాది. ఇక్కడ తప్పు ఎక్కడ జరిగినా అది ఏదో ఒక స్విచ్ రేకుకూ మరో రేకుకూ మధ్య, వెంట్రుకవాసి సందులో, నా కళ్లెదుటే జరుగుతుంది. మేముండేది షికాగోకు పడమరన అరోరాలో. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర ఆరువందల డాలర్లకు కొని, తల పెట్టెను విడదీసి, బరువైన మిగతా భాగాన్ని స్నేహితుడి సాయంతో వ్యానులో వేసుకుని తెచ్చాను. పనిచేయదని ఆయన ముందే చెప్పారు.

పాత యంత్రాన్ని తెచ్చినవారు మొదట చేసే పొరపాటు దాన్ని వెంటనే ప్లగ్గులో పెట్టడం. నేను పెట్టలేదు గనుక బతికిపోయాను. ఫ్యూజు పెట్టెలో ఫ్యూజుకు బదులు సిగరెట్ పెట్టెలోని వెండిరంగు కాగితం చుట్టి ఉంది. చెయ్యి తిరగనివారెవరో కొన్ని వైర్లను టంకం లేకుండా మెలిపెట్టి టేపు చుట్టారు. కదిలే ప్రతి భాగం మీదా ధారాళంగా నూనె చల్లారు. నూనె చల్లడం పైకి మంచిపనిగానే కనిపిస్తుంది కానీ, ఈ యంత్రాల్లో కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్ట) లోపల ఇనుప కడ్డీ పొడిగా కదలాలి. నూనె పడితే దుమ్ము చేరి, కొన్నేళ్లకు అది బంకగా మారి, కడ్డీ సగంలో చిక్కుకుంటుంది. మొదటి మూడు నెలలూ నేను చేసింది బాగుచెయ్యడం కాదు, పాత బాగుచేతలను విప్పడం. ప్రతి కడ్డీనీ ఊడదీసి తుడిచాను, కాయిళ్ల లోపలి అరిగిన గొట్టాలు తీసి కొత్త నైలాన్ గొట్టాలు వేశాను, మూడు పిన్నుల కొత్త ప్లగ్గు వైరు వేసి పెట్టెను ఎర్త్ చేశాను.

ఫ్లిప్పర్ దగ్గర కొంచెం ఆగాలి. దాని కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి: ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, మరొకటి సన్న తీగతో చాలా చుట్లు. బొత్తాం నొక్కగానే కరెంటు లావు తీగ గుండా మాత్రమే పోయి ఫ్లిప్పర్‌ను బలంగా లేపుతుంది. అది పూర్తిగా లేచిన క్షణంలో చివర ఉన్న ఒక చిన్న స్విచ్ తెరుచుకుని సన్న తీగను కూడా దారిలోకి తెస్తుంది; అప్పుడు కరెంటు బాగా తగ్గి, బొత్తాం ఎంతసేపు నొక్కి ఉంచినా కాయిల్ కాలిపోకుండా ఫ్లిప్పర్ లేచే ఉంటుంది. ఆ స్విచ్ తెరుచుకోకపోతే కాయిల్ మాడి కమురు వాసన వస్తుంది. దాని ముఖం మాసిపోతే ఫ్లిప్పర్‌కు నీరసం వస్తుంది. నా యంత్రంలో ఎడమ ఫ్లిప్పర్‌ది రెండో జబ్బు. బంతి బల్ల సగం కూడా ఎక్కేది కాదు. ఆ స్విచ్ కాంటాక్టులు టంగ్‌స్టన్‌వి గనుక సన్న ఆకురాయి వేసి రుద్దవచ్చు, రుద్దాలి కూడా. మిగతా చోట్ల ఉన్నవి వెండివి, వాటిని రుద్దరాదు. ఈ తేడా నాకు మా నాన్న చెప్పారు.

నాన్న టెలిఫోన్ శాఖలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. కోస్తాలో ఒక చిన్న పట్టణపు ఎక్స్ఛేంజ్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చేదాకా, స్ట్రోజర్ సెలెక్టర్లను, అంటే తిప్పిన నంబరును బట్టి అంచెలంచెలుగా కదిలి ఫోన్లను కలిపే యంత్రాలను, చూసుకునేవారు. ఆరు నెలల వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు ఈ దేశంలో పొద్దు గడవడం ఎంత కష్టమో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. ఆయన మా ఇంటికి వచ్చిన రెండో వారంలో ఒక సాయంత్రం గరాజ్‌లోకి వచ్చి, ఎత్తిపెట్టిన బల్ల కిందికి వంగి చూసి, కళ్లజోడు సరిచేసుకుని, "ఒరేయ్, ఇది మా సెలెక్టర్‌కు తమ్ముడురా" అన్నారు. ఆ వెంటనే, "వెండిని గరుకుకాగితం పెట్టి గీకిన మహానుభావుడెవడు?" అని అడిగారు. నేను కాదని నమ్మించడానికి కొంచెం సమయం పట్టింది.

అప్పటికి నన్ను వేధిస్తున్న జబ్బు ఒకటుంది. ఆట మొదలుపెట్టగానే, కిందటి ఆటలో ఎక్కడెక్కడో ఆగిన స్కోరు చక్రాలన్నీ సున్నాకు రావాలి. మోటారు తిరుగుతూ విద్యుత్తును దెబ్బ తరువాత దెబ్బగా పంపుతుంది. దెబ్బకొక అంకె చొప్పున చక్రం కదులుతుంది. సున్నాకు చేరిన చక్రం దగ్గర రేకుల జత విడిపోయి, ఇక చాలునని చెబుతుంది. చక్రాలన్నీ అలా చెప్పాకే మోటారు ఆగుతుంది, బంతి చేతికి వస్తుంది. నా యంత్రంలో చక్రాలన్నీ సున్నా చూపిస్తున్నాయి కానీ మోటారు మాత్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. వైరింగ్ డయాగ్రాం నేల మీద పరుచుకుని రెండు శని, ఆదివారాలు కూర్చున్నాను. మంచం దుప్పటంత కాగితం అది.

నాన్న డయాగ్రాం అడగలేదు. దండెం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని, సొరుగులో ఉన్న ఒక పాత శుభలేఖ అంచును వేలెడు పొడుగు పట్టీగా కత్తిరించారు. మోటారు తిరుగుతుండగానే, చక్రాల వెనుక మూసుకుని ఉన్న రేకుల జతల మధ్య ఆ పట్టీని ఒక్కొక్కటిగా దూర్చి తీయడం మొదలుపెట్టారు. అక్కడ ఉండేది 24 వోల్టులే అయినా నాకు గుండె దడదడలాడింది. 50 వోల్టుల బ్యాటరీ మీద ముప్పయ్యేళ్లు పనిచేసినాయనకు అదొక లెక్క కాదు. (ప్లగ్గు వైరు వచ్చి చేరే ట్రాన్స్‌ఫార్మర్ వైపు మాత్రం చెయ్యి పెట్టనీయలేదు.) మొదటి ఆటగాడి చక్రాలు, రెండో ఆటగాడివి, ఏమీ లేదు. మూడో ఆటగాడి రెండో చక్రం దగ్గర పట్టీ దూర్చగానే మోటారు టక్కున ఆగింది. గరాజ్ అంతా నిశ్శబ్దమైపోయింది. సున్నా దగ్గర విడిపోవలసిన ఆ రేకులు, ఎవరో వంచినందువల్ల, అతుక్కునే ఉన్నాయి. కాగితం వాటి బదులు తాను విడదీసింది. "చూశావా, మనిషి చెప్పనిది కాగితం చెప్పింది" అని, రేకును గోటితో కాక సన్న పటకారుతో, మొదలు దగ్గర పట్టి, చాలా కొద్దిగా వంచమన్నారు. రేకును మధ్యలో వంచితే మళ్లీ ఆరు నెలలకే పాత పాటే పాడుతుందట. అదే శుభలేఖ ముక్కను మూసిన కాంటాక్టుల మధ్య పెట్టి లాగితే మసి దిగుతుంది, వెండి మిగులుతుంది. ఎక్స్ఛేంజ్‌లో వీటికి వేరే పనిముట్లు ఉండేవి గానీ, రాత్రి డ్యూటీలో చేతికి దొరికింది కాగితమేనట.

తమ్ముడన్న మాట ఆయన ఏదో వరసకు అన్నారనుకున్నాను. తరువాత చూస్తే, ఈ యంత్రం పుట్టిన నార్త్‌లేక్ మా ఇంటికి కారులో ముప్పావుగంట దూరం. స్ట్రోజర్ పరికరాలు తయారు చేసిన ఆటోమేటిక్ ఎలక్ట్రిక్ కంపెనీ కూడా 1950ల చివర షికాగో నుండి మారింది అదే నార్త్‌లేక్‌కు. ఆ విద్యే ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ మీదుగా, 1948లో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ద్వారా బెంగళూరు చేరి, అక్కడి నుండి మా నాన్న చేతికి వచ్చింది. అన్నదమ్ములు కాకపోయినా ఒకే ఊరివారన్నమాట. ఆ రోజుల్లో షికాగో నగరంలో పిన్‌బాల్ నిషేధంలో ఉండటం మరో తమాషా. పిన్‌బాల్ యంత్రాలు చేసే పెద్ద కంపెనీలన్నీ ఆ ఊరి చుట్టుపక్కలే ఉండేవి. న్యూయార్క్‌లో 1942 నుండి ఉన్న నిషేధం కూడా, నా యంత్రం తయారైన 1976లోనే తొలగింది.

బల్ల శుభ్రం చెయ్యడంలో నాకు కొన్ని పట్టింపులున్నాయి. బంతి నడిచే దారుల్లో నలభై ఏళ్ల నల్లటి చారలను ఆల్కహాల్ తడిపిన మెలమైన్ స్పాంజి సులువుగా తీస్తుంది, అయితే మురికితో పాటు రంగును కూడా అంతే సులువుగా తీస్తుంది. అందువల్ల రెండు చోట్ల చార ఉండగానే ఆపేశాను. తరువాత కార్నౌబా మైనం పూసి తుడిచాను. రబ్బరు రింగులన్నీ కొత్తవి వేశాను, పాత బంతిని పారేశాను. 80 గ్రాముల ఆ ఉక్కు గోళం మీద కంటికి కనిపించని గాటు ఒక్కటున్నా బల్లను ఆకురాయిలా గీరేస్తుంది. తల పెట్టెకున్న బొమ్మల అద్దం వెనుక రంగు అక్కడక్కడా పెచ్చులు లేస్తోంది. దాన్ని నేను తిరిగి వేయలేదు, వేయను. బల్బుల వేడి వల్ల ఆ పెచ్చులు ఎక్కువవుతాయి గనుక, 44 నంబరు బల్బులు తీసి తక్కువ కరెంటు తాగే 47 నంబరువి పెట్టాను. ఎల్‌ఈడీలు పెట్టమని అందరూ అంటారు. పెడితే పేకముక్కల రాణి ముఖం ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు పాలిపోతుంది.

ఇక రోజువారీ సేవ పెద్దదేమీ కాదు. రెండు నెలలకొకసారి మైనం, ఏడాదికొకసారి రబ్బర్లు, ఇల్లు కదిలినా కదలకపోయినా అప్పుడప్పుడు రసమట్టం పెట్టి కాళ్ల ఎత్తు సరిచూడటం. యంత్రాన్ని కుదిపితే ఆట ఆపేసే టిల్ట్ లోపల ఉన్నది తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులాంటిదే. చుట్టూ ఉన్న కమ్మీని తాకిందా, ఆట పోయినట్టే. మా అబ్బాయి దాన్ని రహస్యంగా పైకి జరుపుతుంటాడు.

నాన్న తిరిగి వెళ్లి ఏడాది దాటింది. కిందటి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుతూ, బంతి ఎలా ఆడుతోందో వినిపించమన్నారు. ఫోన్‌ను బల్ల పై అద్దం మీద పెట్టి ఆడాను. ఒకేసారి ఐదు దెబ్బలు పడే లక్ష్యం ఒకటుంది. దాన్ని కొడితే మోటారు తిరిగి గంటను ఐదుసార్లు కొట్టాలి. అది తగిలింది, గంట మోగింది, నేను ఆడుతూనే ఉన్నాను.

"ఆగు" అన్నారు నాన్న. "నాలుగే కొట్టిందిరా."