నాన్నమ్మ వీడియో టీవీ దాకా

మా నాన్నకు వినికిడి బాగా తగ్గింది. మిషన్ పెట్టుకుంటారు కానీ, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితేనే అర్థమవుతుంది. స్పీకర్లోంచి వచ్చే మాట ఆయనకు ఒట్టి గొణుగుడు. నాన్నమ్మ పోవడానికి ముందు మా తమ్ముడు ఆమెను కూర్చోబెట్టి, చిన్నతనం దగ్గర్నుంచి అన్నీ చెప్పించి కెమెరాలో రికార్డు చేశాడు. అదంతా ఎడిట్ చేస్తే గంటా నలభై నిమిషాల వీడియో అయింది. నాన్న దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేకపోయారు. "అమ్మ ఏమంటోందమ్మా?" అని ఆయన అడగడం, నేను ఆపి చెప్పడం, పది నిమిషాలకి ఆయనే "వద్దులే" అని లేచి వెళ్లిపోవడం.

అందుకని మాటలన్నీ తెలుగులో టైపు చేసి సబ్‌టైటిల్స్ తయారు చేశాను. నెల రోజులు పట్టింది. ఇక మిగిలింది దాన్ని పెద్ద టీవీలో చూపించడమే కదా, ఒక పూట పని అనుకున్నాను. ఆ పనికి పది రోజులు పట్టింది. నాలాగా ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఈ ప్రయత్నం చేసేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, ఎక్కడెక్కడ ఆగిపోయానో వివరంగా రాస్తున్నాను.

ముందు కేబుల్ సంగతి. ల్యాప్‌టాప్ ఉండేది పక్క గదిలో. అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే సరిగ్గా నాన్న నడిచే దారికి అడ్డంగా పడుతుంది. ఆయన కాలికి తగిలి పడితే? ఆ ఆలోచన అక్కడితో మానేశాను. పెన్‌డ్రైవ్‌లో వేద్దామంటే ఫైలు 22 జీబీ. నా డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఫార్మాట్ మార్చి చూస్తే ఆ డ్రైవ్‌ను మా టీవీ చదవలేదు. పైగా తమ్ముడి దగ్గర ఇలాంటి వీడియోలు ఇంకా చాలా ఉన్నాయి. నాన్న తన రిమోట్‌తో తనే ఎంచుకుని చూసేలా ఉండాలని నా కోరిక.

మొదట అందరూ చేసేదే చేశాను. విండోస్ కీ, కే కలిపి నొక్కాను. టీవీలో స్క్రీన్ షేరింగ్ ఆన్ చేస్తే లిస్టులో టీవీ పేరు వచ్చింది. నొక్కగానే ల్యాప్‌టాప్ స్క్రీన్ మొత్తం టీవీ మీద ప్రత్యక్షం. చాలా సంతోషం వేసింది. అయిదు నిమిషాలయ్యాక బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. నాన్నమ్మ పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. నాన్న ఎంతో కొంత పెదవులు చూసే అర్థం చేసుకుంటారు. కాబట్టి మా ఇంట్లో ఇది చిన్న లోపం కాదు.

ఎందుకిలా అవుతోందని చదివితే విషయం తెలిసింది. దీన్ని మిరాకాస్ట్ అంటారు, 2012లో వై-ఫై అలయన్స్ అనే సంస్థ తెచ్చిన పద్ధతి. ఇది రౌటర్‌తో పని లేకుండా ల్యాప్‌టాప్ నుంచి టీవీకి నేరుగా వై-ఫై కలుపుతుంది. అయితే ఇందులో వెళ్లేది మన వీడియో ఫైలు కాదు, స్క్రీన్. స్క్రీన్ మీద కనిపించే ప్రతి బొమ్మనీ ల్యాప్‌టాప్ పట్టుకుని, అప్పటికప్పుడు కుదించి, పంపాలి. కుదించకుండా పంపడం కుదరదు: 1920 బై 1080 సైజులో సెకనుకి 60 బొమ్మలంటే దాదాపు 3 గిగాబిట్లు. అంటే కెమెరా ఒకసారి కుదించిన వీడియోని ల్యాప్‌టాప్ విప్పి, స్క్రీన్ మీద చూపించి, మళ్లీ కుదించి టీవీకి పంపిస్తోంది. ఫ్యాన్ అంత గట్టిగా తిరగడానికి కారణం అదే. అదే సమయంలో ల్యాప్‌టాప్ మామూలు వై-ఫైకి కూడా కలిసి ఉంటే, ఆ ఒక్క రేడియోనే రెండు పనులూ చూసుకోవాలి.

బ్రౌజర్లో ట్యాబ్ కాస్ట్ చేసి చూశాను. అక్కడా ఇదే కథ, ట్యాబ్‌ని కుదించి పంపడమే. కానీ ఫోన్‌లో ఒక వీడియో యాప్ తెరిచి కాస్ట్ గుర్తు నొక్కితే మాత్రం టీవీలో ఎంత శుభ్రంగా వస్తుందో! ఫోన్ స్క్రీన్ ఆపేసినా నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఫోన్ వీడియో పంపదు. ఫలానా చోట ఉంది, తెచ్చుకో అని టీవీకి చిరునామా మాత్రం ఇస్తుంది. నాకు అసలు దారి దొరికింది ఇక్కడే. స్క్రీన్‌ని టీవీ మీదికి తోయడం మానేసి, ఫైలునే టీవీ వచ్చి తీసుకునేలా చెయ్యాలి.

దానికి ఇంట్లోనే ఉన్న పాత దారి డీఎల్ఎన్ఏ, అంటే కంప్యూటర్లో ఉన్న ఫైలుని ఇంటి నెట్‌వర్క్ మీద టీవీయే తెచ్చుకునే పద్ధతి. దాన్ని తెచ్చిన సంస్థ 2003లో మొదలైంది, 2017లో మూసేశారు కానీ, ఆ పద్ధతి చాలా టీవీల్లో ఇంకా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌లో మీడియా స్ట్రీమింగ్ ఆన్ చేశాను. టీవీలో సోర్స్ లిస్టు తెరిస్తే ఖాళీ. మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్, టీవీ రీస్టార్ట్, రౌటర్ రీస్టార్ట్. రెండు సాయంత్రాలు దీనికే పోయాయి.

కారణాలు రెండు. ఒకటి, ఇంటి వై-ఫై నా ల్యాప్‌టాప్‌లో పబ్లిక్ నెట్‌వర్క్‌గా నమోదై ఉంది. బయట ఎక్కడో కూర్చున్నప్పుడు పక్కవాళ్లకి మన కంప్యూటర్ కనిపించకూడదని పెట్టిన కట్టుబాటు అది. దాన్ని ప్రైవేట్‌కి మార్చాలి. రెండోది వెతకడానికి చాలాసేపు పట్టింది. టీవీ కొత్తగా వచ్చిన రోజున దాన్ని గెస్ట్ వై-ఫైకి కలిపాం. ఇంటర్నెట్ వస్తోంది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాం. గెస్ట్ వై-ఫైలో ఉన్నవి మామూలుగా ఇంట్లోని మిగతా పరికరాలతో మాట్లాడలేవు, అది పెట్టేదే అందుకు. టీవీ వెళ్లి 239.255.255.250 అనే అడ్రసులో 'ఇక్కడ వీడియోలు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా' అని కేకేస్తుంది. ఆ కేక గెస్ట్ గోడ దాటదు. టీవీని అసలు వై-ఫైకి మార్చిన నిమిషంలో ల్యాప్‌టాప్ పేరు కనిపించింది. మీకూ టీవీ దొరకడం లేదంటే, ఇంకేం ముట్టుకోకుండా ముందు ఈ రెండూ చూడండి.

వీడియో తెరుచుకుంది. బొమ్మ అద్దంలా ఉంది. సౌండ్ లేదు. సబ్‌టైటిల్స్ లేవు.

సౌండ్ ఎందుకు లేదో మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిస్తే తెలిసింది. వీడియోని కుదించిన పద్ధతి హెచ్.264, దాన్ని మా టీవీ చదువుతుంది. సౌండ్ మాత్రం కెమెరా ఇచ్చిన పీసీఎం, అసలు కుదించనిది. ఎంఓవీ ఫైల్లో ఆ సౌండ్ మా టీవీకి పనికిరాదు. నాకు అప్పటిదాకా ఫైలు పేరు చివరున్న మూడక్షరాలే దాని జాతి అనుకునే అలవాటు. నిజానికి ఎంఓవీ, ఎంపీ4, ఎంకేవీ ఇవన్నీ పెట్టెలు. లోపల వీడియో వేరు, సౌండ్ వేరు, సబ్‌టైటిల్స్ వేరు. ఈ మూడింటినీ టీవీ విడివిడిగా చదవగలగాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వీడియోని ముట్టుకోకుండా సౌండ్‌ని మాత్రం ఏఏసీ అనే కుదించిన పద్ధతిలోకి మార్చి ఎంపీ4 పెట్టెలో పెట్టాను. కొద్ది నిమిషాల పని.

సబ్‌టైటిల్స్ కోసం డీఎల్ఎన్ఏ వదిలేసి, మన వీడియోల్ని టీవీకి అందించే జెల్లీఫిన్ అనే ప్రోగ్రామ్ వేశాను. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, 2018 చివర్లో ఎంబీ (Emby) అనే అలాంటి ప్రోగ్రామ్ నుంచి విడిపోయి పుట్టింది. ల్యాప్‌టాప్‌లో సర్వర్, టీవీలో యాప్. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు, పక్కన 8096 అని పోర్టు కొడితే కలుస్తుంది. రౌటర్ అప్పుడప్పుడు ఆ అడ్రసు మార్చేస్తుంది కాబట్టి, రౌటర్ సెట్టింగుల్లో ల్యాప్‌టాప్‌కి ఒకే అడ్రసు ఖాయం చేశాను.

ఈసారి బొమ్మ, సౌండ్ రెండూ వచ్చాయి కానీ నడుమ నడుమ ఆగి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కాగితం తీసుకుని లెక్క వేశాను. 22 జీబీని 8తో గుణిస్తే 1,76,000 మెగాబిట్లు. గంటా నలభై అంటే 6,000 సెకన్లు. సెకనుకి 29 మెగాబిట్లు. ఇంటర్నెట్ స్పీడ్ ఎంతుంటే ఏం లాభం, ఇది ఇంటి లోపలి ప్రయాణం. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి వై-ఫై, రౌటర్ నుంచి టీవీకి మళ్లీ వై-ఫై. రెండూ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్‌లో ఉన్నాయి. ప్రతి ముక్కా అదే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తోంది, ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగాలి. రౌటర్ ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది కదా అని చిన్న ల్యాన్ వైరు గుచ్చాను. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను. అంతే, ఆగడం పోయింది. వైర్‌లెస్‌గా ఉండాల్సింది టీవీ వైపే. ల్యాప్‌టాప్ వైపు రెండడుగుల వైరు ఎవరి కాలికీ అడ్డం రాదు.

ఇక సబ్‌టైటిల్స్. మొదట అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయి. ఫైల్‌ని ఏఎన్ఎస్ఐ పద్ధతిలో సేవ్ చేశాను, అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు. నెల రోజుల పని పోయిందని గుండె ఆగినంత పనైంది. అసలు కాపీ ఇంకో చోట ఉండబట్టి సరిపోయింది. తెలుగు అక్షరాలు కూడా పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసి మళ్లీ పెట్టాను. ఇప్పుడు తెలుగు వచ్చింది.

నాన్నని పిలిచి కూర్చోబెట్టాను. నాన్నమ్మ మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కాస్త ముందుకి వంగి, కింద వస్తున్న అక్షరాల్ని పెదవులతో కూడబలుక్కుంటున్నారు. "ఏమిటమ్మా ఇది, చదవలేకపోతున్నాను" అన్నారు. దగ్గరికెళ్లి చూశాను. ఒక్క ఒత్తు కూడా దాని చోటులో లేదు. 'అమ్మ' అన్న మాట 'అమ్‌మ' అని ఉంది. మనం రెండక్షరాలుగా చదివే ఆ మాట కంప్యూటర్‌కి నాలుగు గుర్తులు: అ, మ, పొల్లు, మళ్లీ మ. పొల్లు పక్కన హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చి కింద కూర్చడం, అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ పని. మా టీవీలో ఆ పని జరగడం లేదు. ఆయన వాళ్లమ్మ గొంతే సరిగ్గా వినలేకపోతున్నారు, కనీసం ఆ మాటైనా సరిగ్గా కనిపించాలి కదా. ఆ పూట టీవీ ఆపేశాను.

దీనికి విరుగుడు, అక్షరాల్ని టీవీకి వదలకుండా బొమ్మలోనే కలిపేసి పంపడం. జెల్లీఫిన్‌లో బర్న్ సబ్‌టైటిల్స్ అనే సెట్టింగ్ ఉంది. కానీ అది వీడియో నడుస్తుండగానే అప్పటికప్పుడు కలుపుతుంది కాబట్టి, మొత్తం వీడియోని మళ్లీ కుదించాల్సి వస్తుంది. నా పాత ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. అందుకని ఒక్కసారే చేసి పెట్టుకున్నాను. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌లో వీడియో, సబ్‌టైటిల్ ఫైలు రెండూ ఇచ్చి, బర్న్ ఇన్ టిక్ పెట్టి, రాత్రి వదిలేసి పడుకున్నాను. ఒరిజినల్ అలాగే భద్రంగా ఉంచాను, ఎందుకంటే ఇలా కలిపిన అక్షరాలు మళ్లీ విడదీయడం కుదరదు. పొద్దున్న లేచి చూస్తే ఫైలు 5.5 జీబీ, అంటే సెకనుకి 7 మెగాబిట్లు చిల్లర. సౌండ్ కూడా ఏఏసీలోనే వచ్చింది. ముందే ఈ దారి పట్టి ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ పని విడిగా చెయ్యక్కర్లేదు. కొత్త వీడియోలకి ఇప్పుడు నేరుగా ఇదే చేస్తున్నాను.

ఆ సాయంత్రం మళ్లీ పెట్టాను. 'అమ్మ' అన్న మాట వచ్చినప్పుడు ఒత్తు కిందే ఉందా లేదా అని నేను టీవీ వైపు చూస్తున్నాను, నాన్న మాత్రం నాన్నమ్మనే చూస్తున్నారు. తనకి అయిదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి, ఆమె మూడు వారాలు మంచం పక్కనుంచి లేవని సంగతి ఆ వీడియోలో ఉంది. అది ఆయన చదవడం అదే మొదటిసారి. రిమోట్‌తో ఆపి, ఆ వాక్యం రెండుసార్లు పైకి చదివారు. తర్వాత చాలాసేపు ప్లే నొక్కలేదు. నొక్కేసరికి వీడియో కదల్లేదు, పక్క గదిలో ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లిపోయింది. పరిగెత్తుకెళ్లి లేపి, పవర్ సెట్టింగుల్లో ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ అవకుండా 'నెవర్' అని పెట్టాను. ఆగిన చోటు జెల్లీఫిన్ గుర్తుపెట్టుకుంది, అక్కడి నుంచే మొదలైంది.

మర్నాడు నేను లేచేసరికి టీవీ నడుస్తోంది. ఎవర్నీ పిలవకుండా తనే పెట్టుకున్నారు. సౌండ్ పూర్తిగా తగ్గించి, చదువుకుంటూ చూస్తున్నారు.