యానోడ్ దగ్గర పంచదార పని
నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు కరెంటు ఎక్కువ తినేది హైడ్రోజన్ వైపు కాదండీ, అవతల ఆక్సిజన్ వచ్చే యానోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్) దగ్గర, నీళ్ళు విడగొట్టడానికి లెక్కప్రకారం 1.23 వోల్టులే కానీ సెల్ నిజంగా నడపాలంటే 1.8 దాకా పోతుంది. అదే ఆక్సిజన్ బదులు గ్లూకోజ్‌ని ఆక్సిడైజ్ చేయిస్తే వోల్టేజ్ బాగా తగ్గుతుంది, పైగా గ్లూకోనిక్ యాసిడ్ లాంటి పనికొచ్చే సరుకు దక్కుతుంది.

యానోడ్‌కి ఇరిడియం లాంటి ఖరీదైన లోహం అక్కర్లేదు, క్షారంలో నికెల్ ఫోమ్ (స్పాంజిలాంటి నికెల్) చాలు. దాని మీది నికెల్ హైడ్రాక్సైడ్ పొర నల్లటి ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారి, గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని మళ్ళీ మొదటికొస్తుంది, ఇదే తిరుగుతూ ఉంటుంది (నాకు భలే నచ్చేది ఇదే).

కానీ తలనొప్పి క్షారంతోనే. ఓ రాత్రి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో (అదే ఆ క్షారం) గ్లూకోజ్ కలిపి వదిలేసి పొద్దున చూస్తే, కరెంటు పెట్టకుండానే గ్లూకోజ్ దానంతటదే పాడైపోయి మొత్తం కషాయం రంగు! అందుకే ఇప్పుడు సరిగ్గా సెల్ ఆన్ చేయబోయే ముందు, అప్పటికప్పుడే కలుపుతున్నా.