ఇమోలో అక్క గొంతు

2020 ఏప్రిల్ 6న కరోనా కట్టడికని కువైట్ ప్రభుత్వం మహబూలా, జిలీబ్ అనే రెండు ప్రాంతాలను మూసేసింది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే హసావి, అబ్బాసియా జిలీబ్‌లోవే. మా గది మహబూలాలో. పని ఆగింది, జీతం ఆగింది, రోడ్లకు అడ్డంగా కంచె వచ్చింది.

గల్ఫ్‌లో బతికేవాళ్ళకు ఫోన్లోనే సంసారం నడపడం కొత్తేమీ కాదు. పిల్లల పుట్టువెంట్రుకలూ, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ వీడియో కాల్స్ చేసుకునే ఇమో యాప్‌లోనే చూశాం. లాక్‌డౌన్‌లో కొత్త సంగతి ఏమిటంటే, అరగంట దూరంలో ఉన్న మా అక్కను కూడా ఇమోలోనే పలకరించాల్సి వచ్చింది.

అక్క సల్వాలో ఒక ఇంట్లో పని చేసేది. స్కూళ్ళు మూతపడి ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండటంతో ఆమెకు పని రెట్టింపైంది. పగలంతా ఫోన్ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి దగ్గరే. రాత్రి పన్నెండు దాటాక చేతికొస్తే, బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున వాయిస్ మెసేజ్ పెట్టేది. "అబ్బీ, నేను బాగుండాలే. అమ్మను ఏడవద్దని చెప్పు." అంతే. అప్పటికి మా ఊరు రాజంపేటలో రెండున్నర. అమ్మకు చదువు రాదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం ఒక్కటే తెలుసు. అక్క మెసేజ్‌ను నేను అమ్మకు పంపిన మరుక్షణం అది విన్నట్టు గుర్తు పడేది. ఆ వేళకు కూడా నిద్రపోలేదన్నమాట.

మా గది సంగతి వేరు. ఎవరి ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంది కాబట్టి బియ్యం అయిపోయినా, ఒకరికి జ్వరం వచ్చినా, మా జిల్లావాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట పెడితే ఎవరో ఒకరు పలికేవారు. అకామా (నివాస అనుమతి) లేనివాళ్ళకు జరిమానా లేకుండా, ఉచిత టికెట్‌తో ఇంటికి వెళ్ళే అవకాశం ఇచ్చినప్పుడు, భారతీయులు ఏప్రిల్ 16 నుంచి 20 లోపు పేరు ఇవ్వాలన్న కబురు కూడా అందులోనే తెలిసింది. పేరిస్తే జైల్లో వేస్తారన్న పుకారూ అదే గ్రూపులో తిరిగింది. ఆ టెన్షన్‌తో కొందరు కదల్లేదు. ఊరి నుంచి భార్యలు ఫోన్ చేసి గట్టిగా చెప్పాకే ఇంకొందరు బయల్దేరారు. వెళ్ళినవాళ్ళు కూడా విమానాల కోసం షెల్టర్లలో వారాల తరబడి ఎదురుచూశారు. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళ కోసం భారత ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాల కింద కువైట్ నుంచి హైదరాబాద్‌కు మొదటి విమానం మే 9న గానీ కదల్లేదు.

లాక్‌డౌన్‌లో ఫోన్లే అందరినీ కలిపాయంటే నేను సగమే ఒప్పుకుంటాను. ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళను కలిపింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని ఉండాలని కువైట్‌లో 2015లోనే చట్టం వచ్చింది. అవి దక్కలేదని చెప్పుకోవడానికైనా చేతిలో ఫోన్ ఉండాలి కదా! మా వైపు నుంచి ఎవరైనా ఇంటిపనికి వస్తున్నామంటే, జీతం సంగతి తర్వాత, ముందు ఫోన్ దగ్గర ఉంచుకోనిస్తారా లేదా ఏజెంటుతో తేల్చుకోమని చెబుతున్నాను.